అత్తమ్మ ఊరు, 50 హెర్ట్జ్

కొల్లాపూర్‌లో మా అత్తమ్మ వాళ్ళ ఇల్లు పాతది. ముందు గదిలో ప్లగ్గులకు ఎర్తింగ్ సరిగా లేదు. అక్కడ సింథసైజర్‌ను (శబ్దాలను తనే తయారుచేసే కీబోర్డ్) ల్యాప్‌టాప్‌కు కలిపి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే, ఒక్క మెట్టు నొక్కకముందే చెవిలో గుయ్యిమని మోత. అగ్గిపెట్టెలో తుమ్మెదను పెట్టి మూసినట్టు. ఆ మోతను పోగొట్టడానికి నేనూ మా బావా నాలుగు నెలలు తిప్పలు పడ్డాం, పైసలు కూడా తగలేశాం. చివరికి దాన్నే ఆల్బమ్‌లో మొదటి శబ్దంగా పెట్టాం.

బావ అంటే మా మేనత్త కొడుకు. పెళ్ళిళ్ళకు, రిసెప్షన్లకు ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాడు. నేను మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ ఎనభైల నాటి సింథ్ పాప్ పిచ్చి. డ్రమ్ములు లేవు, గిటార్లు లేవు, మెషీన్లతోనే మొత్తం పాట కట్టేయడం మాకు అప్పట్లో మాయలా ఉండేది. పైగా అందులో జంటలే ఎక్కువ. 1981 ఆగస్టులో లండన్‌లో ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో ఇద్దరు అనుకోకుండా మాట కలిపారు, వాళ్ళే తర్వాత పెట్ షాప్ బాయ్స్ అయ్యారు. ఒకాయన పాడతాడు, రెండో ఆయన మెషీన్ వెనక ఉలుకూ పలుకూ లేకుండా నిలబడతాడు. వాళ్ళ వీడియో చూపిస్తే బావ అన్నాడు, "ఇది మనకు సరిపోతది. నేను పాడతా, నువ్వు కదలకుండ నిలబడు. నీకు వచ్చింది అదొక్కటే కదా."

ఆల్బమ్ చేద్దామన్నది బావే. విడివిడి పాటలు కాదు, మొదటి నుంచి చివరిదాకా ఒకే విషయం మీద నడిచే ఆల్బమ్. ఏ విషయం అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా ఇంట్లో అలాంటి విషయం ఒక్కటే ఉంది.

మా నాయన, అత్తమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు శ్రీశైలం వెనక నీళ్ళలో ఉంది. ఆ ఊరి పేరు రాయొద్దని అత్తమ్మ చెప్పింది కాబట్టి రాయడం లేదు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. ఊళ్ళు ఖాళీ చేయించడం మాత్రం 1981లో వచ్చి పడింది. మన పాలమూరు వైపూ కర్నూలు వైపూ కలిపి దాదాపు వంద ఊళ్ళు. నాయనకు అప్పుడు ఆరేళ్ళు, ఎడ్ల బండి మీద కూర్చున్నది తప్ప ఏమీ గుర్తులేదు. అత్తమ్మకు పదహారు. ఆమెకు అన్నీ గుర్తే.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ మైక్రోకార్గ్ సింథసైజర్ కొన్నాం. చంటిపిల్లల బొమ్మలా ఉంటుంది, 37 చిన్న మెట్లు. దానికి గొంతులు నాలుగే. అంటే నాలుగు మెట్లు నొక్కి పట్టుకుని ఐదోది నొక్కితే, ముందు పలుకుతున్న వాటిలో ఒకటి టక్కున ఆగిపోతుంది. పెళ్ళిళ్ళలో పెద్ద కీబోర్డ్‌కు అలవాటు పడ్డ బావ మొదటి వారం దాన్ని తిట్టని తిట్టు లేదు. మిగతాది నా పాత ల్యాప్‌టాప్, శబ్దాన్ని అందులోకి ఎక్కించే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు.

మే నెలలో ఒక ఆదివారం సోమశిల పోయాం. కొల్లాపూర్ నుంచి దగ్గరే. ఎండాకాలం కృష్ణ బాగా లోపలికి గుంజుకుని ఉంటుంది. నీళ్ళు దిగిన నల్లమట్టి పగిలి, ఆ పగుళ్ళలో గడ్డి మొలిచి ఉంది. కొన్నిచోట్ల ఎవరో సాగు కూడా చేశారు. పుట్టి ఎక్కి అవతలి దిబ్బ దాకా పోయాం. అక్కడ ఏదో ఊరి గోడల మొదళ్ళు కనిపించాయి, మోకాలెత్తు. మా ఊరు కాదు, మాది ఇంకా లోతులో ఉంటుందట. ఒక ఇంటి గడప రాయి మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దాని నడుమ భాగం అరిగి గుంట పడింది. ఎన్ని కాళ్ళు తొక్కితే అంత అరుగుతుందో! బావ దాని మీద కూర్చోబోయి ఆగిపోయి, పక్కన మట్టిలో కూర్చున్నాడు.

మైకుకు పాత ఉన్ని సాక్సు తొడిగి (గాలి మోత రాకుండా), పుట్టి చప్పుడు రికార్డ్ చేశాం. తెడ్డు నీళ్ళను లాగిన ప్రతిసారీ పుట్టి అడుగున బుడుంగుమని ఒక శబ్దం. ఇంటికొచ్చి లెక్కపెడితే నిమిషానికి 48 సార్లు. రెట్టింపు చేస్తే 96. ఆల్బమ్ మొత్తానికి అదే వేగం పెట్టేశాం. దాని మీద మా ఇద్దరికీ మళ్ళీ గొడవ రాలేదు. మిగతా అన్నిటి మీదా వచ్చింది.

ఆల్బమ్ కట్టుబడి ఎలా ఉండాలన్నది ఆ రాత్రే తట్టింది. వానాకాలంలో శ్రీశైలం నీటిమట్టం పేపర్లో రోజూ వేస్తారు కదా, ఈరోజు ఇన్ని అడుగులు అని. పాటలకు పేర్లు పెట్టే బదులు ఆ అంకెలే పెట్టాం. 810, 825, 840, 854, 870, 885. చివరిది ప్రాజెక్టు నిండు మట్టం. (854 అడుగులు ఉంచాలా, 834 దాకా దించాలా అని రెండు రాష్ట్రాలూ ఏళ్ళ తరబడి తగవులాడుకుంటున్నాయి. నాలుగో పాట వినగానే దాని మీద ఏమైనా అన్నారా అని అడిగినవాళ్ళున్నారు. ఏమీ అనలేదు, అది ప్రేమ పాట.)

సింథసైజర్‌లో ఫిల్టర్ అని ఒక తిప్పే మీట ఉంటుంది. ఎడమకు తిప్పేకొద్దీ శబ్దంలో పైవన్నీ పోయి కింది బరువు మాత్రమే మిగులుతుంది. బావిలో మునిగి, గట్టు మీద వాళ్ళ మాటలు విన్నట్టు ఉంటుంది. ఒక్కో పాటకూ నీళ్ళు పెరిగేకొద్దీ ఆ మీటను కొంచెం కొంచెం మూసుకుంటూ పోవాలి. మొదటి పాటలో అన్నీ గాజుల్లా గలగలమనాలి, ఆరో పాటకు వచ్చేసరికి 200 హెర్ట్జ్ (సెకనుకు 200 కంపనలు) పైన ఏమీ ఉండకూడదు. వినేవాళ్ళు మునుగుతున్నామని గమనించకుండానే మునగాలి. నాకైతే ఇది గొప్ప ఆలోచన అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది, అబద్ధమెందుకు.

ఇక మోత. గోడ ప్లగ్గు, అడాప్టర్, ల్యాప్‌టాప్ చార్జర్, వైర్లు అన్నీ మార్చి చూశాం. ఒక రాత్రి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. మైక్రోకార్గ్ వెనక ఆరు పెన్సిల్ సెల్లులు వేసే అర ఉందని బావకు అప్పుడు గుర్తొచ్చింది. గోడ గడియారంలోవి, టార్చ్‌లోవి, రిమోట్లలోవి పీకి ఆరు జమ చేశాం. వేసి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే... నిశ్శబ్దం. ఫ్రిజ్ లేదు, ఫ్యాన్ లేదు, మోత లేదు. బావ ఒక్క స్వరం పట్టుకుని రెండు నిమిషాలు అలాగే ఉన్నాడు. చీకట్లో చెమటలు కారుతున్నాయి, అయినా ఇద్దరం లేవలేదు. అప్పటి నుంచి కరెంటు ఉన్నా మెయిన్ ఆఫ్ చేసి రికార్డ్ చేయడం మొదలుపెట్టాం. టీవీ సీరియల్ టైమ్‌లో మాత్రం అత్తమ్మ ఒప్పుకునేది కాదు.

ఆగస్టుకల్లా ఆరు పాటలూ ఒక రూపానికి వచ్చాయి. అన్నీ ముసురు పట్టినట్టు ఉన్నాయి. పొడుగు పొడుగు స్వరాలు, ఇంటర్‌నెట్‌లో దొరికిన వాన చప్పుడు, బావ గొంతు నిండా ఏడుపు. రాసింది నేనే, "కన్నీటి కృష్ణమ్మ" లాంటి మాటలు రాశాను. మేమిద్దరం విని మురిసిపోయాం. అత్తమ్మను కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాం.

రెండు పాటలు విన్నది. తీసి పక్కన పెట్టింది.

"ఎవలు సచ్చిండ్రురా?" అంది.

బావ నవ్వబోయి ఆపుకున్నాడు. నేను కథ చెప్పబోయాను, ఊరు మునిగిన బాధ అత్తమ్మా అని. ఆమె చేయి అడ్డం పెట్టింది. "బాధ నాకు తెల్వదా బిడ్డా? ఏడ్వనీకి మాకు టైమ్ యాడుండె? ఇండ్లు ఇప్పుకునుడే సరిపోయె."

ఆ తర్వాత గంటసేపు ఆమె చెప్పింది. నేను మైకు పెట్టడం కూడా మరిచిపోయాను. నీళ్ళు వస్తున్నాయని చెప్పాక కూడా చాలామంది నమ్మలేదట, నది ఇంత దూరం ఎట్ల వస్తదని. తర్వాత ఒక్కసారిగా హడావుడి. ఎవరి ఇల్లు వాళ్ళే విప్పుకున్నారు. తలుపులు, దర్వాజలు, దూలాలు, కవేలు పెంకులు. వాళ్ళ తాత ప్రతి దూలానికీ సున్నంతో గుర్తు పెట్టాడు, ఏది ఏ గదిదో, ఎటు వైపుదో. కొత్త చోట మళ్ళీ అట్లనే కట్టాలని. "కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయికి గుర్తేసి ఇప్పి ఆలంపూర్ల మళ్ళ కట్టిండ్రు కదా, అట్లనే అనుకో. గుడికి సర్కారోళ్ళు ఏసిండ్రు, మా ఇంటికి మా తాత ఏసిండు." కొత్త ఇంట్లో దూలాలు పొట్టివైపోయాయట, గదులు చిన్నవి. మిగిలిన రెండు దూలాలు పశువుల కొట్టానికి పోయాయి. చెప్తూ చెప్తూ ఆమె నవ్వింది. బండి మీద తలుపు పెట్టి, ఆ తలుపు మీద మా నాయనను కూర్చోబెడితే, వాడు దారి పొడుగునా గొళ్ళెం ఆడించుకుంటూ వచ్చాడని.

ఆ రాత్రి భోజనం దగ్గర బావా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఏడుపంతా మాదే, ఆమెది కాదు. ఆమె దగ్గర ఉన్నది గొళ్ళెం చప్పుడు.

కన్నీటి కృష్ణమ్మను, వాన చప్పుడును తీసేశాం. ఆరు పాటల్లో నాలుగు మళ్ళీ రాశాను. ఈసారి మాటలన్నీ వస్తువులే. తలుపు, గొళ్ళెం, రోలు, సున్నం గీత. "నడుమింటి దూలం, తూర్పు కొస" అన్నది ఒక పాట పల్లవి, అంతే, దానికి క్రియ కూడా లేదు. అత్తమ్మ ఇంటి వెనక తలుపు గొళ్ళెం ఆ ఊరిదేనట, అది రికార్డ్ చేసి డ్రమ్ము బదులు పెట్టాం. టక్, టకటక్. పాడేటప్పుడు ఏడవకుండా ఉండటం బావకు చాలా కష్టమైంది. పాతికసార్లు పాడించాను. చివరికి "సామాన్ల లిస్టు చదివినట్టు చదువు" అంటే కుదిరింది.

తెలుగు గురించి ఒకటి తెలిసింది అప్పుడు. ఇంగ్లిష్ సింథ్ పాప్‌లో మాట చివర హల్లు మీద టక్కున తెగుతుంది, దాన్ని బట్టే దరువు వేస్తారు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అజంత భాష అని బడిలో చదువుకున్నదే. దానికి రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసే ఎఫెక్ట్) పెడితే ఆ అచ్చు సాగి సాగి పోతుంది, తర్వాతి మాటను మింగేస్తుంది. ముందు ఇది తలనొప్పి అనుకున్నాం. తర్వాత ప్రతిధ్వనిని సరిగ్గా ఒక దెబ్బకు ఒకటి వచ్చేలా 625 మిల్లీసెకన్లకు కట్టాం. నిమిషానికి 96 దెబ్బలైతే దెబ్బకూ దెబ్బకూ నడుమ అంతే సమయం. "గడపా" అని బావ అంటే "పా... పా... పా" అని నీళ్ళ మీద రాయి ఎగిరినట్టు పోతుంది. ఆల్బమ్‌లో నాకు బాగా నచ్చేది అదే.

మోత మళ్ళీ వచ్చింది ఇక్కడే. ఒకరోజు సెల్లులు అయిపోయి, సరే అని గోడ ప్లగ్గుకే పెట్టి గొళ్ళెం పాట సాధన చేస్తున్నాం. గుయ్యిమంటోంది. బావ కీబోర్డ్ మీద దాని స్వరం వెతికాడు, ఆయనకు అలవాటు. "జి ఇది. కానీ కొంచెం పైన ఉంది" అన్నాడు. నేను లెక్క చూశాను. మన కరెంటు 50 హెర్ట్జ్. కింది జి స్వరం 49. అంటే 35 సెంట్లు ఎక్కువ, స్వరానికీ స్వరానికీ మధ్య దూరంలో మూడో వంతు పైన. బావ చెవి సరిగ్గానే పట్టింది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఊళ్ళను ముంచింది కరెంటు కోసం కూడా. 1982లో కుడిగట్టున మొదటి యూనిట్ తిరిగింది. ఇప్పుడు అక్కడ 770 మెగావాట్లు, ఎడమగట్టున భూమి లోపల 900. మా ముందు గదిలోకి వచ్చే కరెంటు అక్కడిదే అని నేను అనను, గ్రిడ్‌లో కలిసిపోయాక ఏ యూనిట్ ఎక్కడిదో ఎవరు చెప్పగలరు. కానీ నాలుగు నెలలుగా మేము పీకి పారేస్తున్నది ఏమిటో అప్పుడు అర్థమైంది.

సింథసైజర్ శ్రుతినే మార్చాం. మామూలుగా ఎ స్వరం 440 దగ్గర ఉంటుంది, దాన్ని 449కి జరిపితే జి వచ్చి మోత మీద కూర్చుంటుంది. పాటలన్నీ మోతకు శ్రుతి కలిపి వాయించాం, హార్మోనియానికి తంబూరా బదులు గోడ ప్లగ్గు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కూడా ఒకేచోట ఉండదు, కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది. దాంతో మోత స్వరాన్ని ఒరుసుకుంటూ మెల్లగా అలల్లా కొడుతుంది. మేము ఎంత ప్రయత్నించినా చేయలేని పని అది దానంతటదే చేసింది.

మిక్సింగ్‌కు హైదరాబాద్‌లో ఒక స్టూడియోకు ఇచ్చాం, పన్నెండు వేలు. తిరిగొచ్చిన ఫైల్ పెట్టుకుంటే మోత లేదు! శుభ్రంగా తీసేశాడు. అంతేకాదు, ఆరో పాటలో మూసి ఉన్న ఫిల్టర్‌ను చూసి "సౌండ్ డల్‌గా ఉంది" అని పైవన్నీ పెంచాడు. మొత్తం ఫంక్షన్ హాల్లో డీజే పెట్టినట్టు మోగుతోంది. ఫోన్ చేస్తే "అన్నా, నాయిస్ ఉంటే రిజెక్ట్ చేస్తారు" అన్నాడు. అతని తప్పు కూడా కాదేమో, ఆ నాయిసే పాట అని మేము చెప్పలేదు. డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు. గట్టిదనం పెంచినందువల్ల లాభం కూడా లేదు, స్పాటిఫై మామూలుగా గట్టి పాటలను -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (గట్టిదనం కొలత) దగ్గరికి తగ్గించే వినిపిస్తుంది.

చివరికి మేమే చేసుకున్నాం. కాలేజీ ల్యాబ్‌లో హెడ్‌ఫోన్, నా ఫోన్, బావ ఆర్కెస్ట్రా బండి స్పీకర్లు, ఈ మూడింటి మీద వింటూ. ఫోన్‌లో 50 హెర్ట్జ్ అసలు వినపడదు. దాని రెట్టింపులు 100, 150 కొంచెం పెంచితే చెవి కింది దాన్ని తనే ఊహించుకుంటుంది. ఇది తెలియడానికి మూడు వారాలు పట్టింది.

విడుదల పని పాట కన్నా ఎక్కువ సతాయించింది. అన్ని యాప్‌లకూ పంపే ఒక ఆన్‌లైన్ కంపెనీలో ఫారం నింపాలి. 3000కు 3000 పిక్సెళ్ళ బొమ్మ, ఒక్కో పాటకు దాన్ని గుర్తుపట్టే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్, భాష, రకం. మా అట్ట మీద ఆ అరిగిన గడప రాయి ఫోటో, పైన తెలుగులో పేరు. ఫారంలో పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాం. రెండూ ఒకటి కాదని తిప్పి పంపారు. ఫారంలో తెలుగు పెడితే, కళాకారుల పేరు ఇంగ్లిష్‌లో ఉందని మళ్ళీ తిప్పారు. పాటల పేర్లు ఉత్త అంకెలేమిటని ఇంకోసారి. ఐదోసారికి పోయింది. బావ ఆ వారంలో మూడు పెళ్ళిళ్ళు వాయించి వచ్చాడు, నేను టెన్షన్‌తో ఏమీ చేయలేదు.

ఎంతమంది విన్నారంటే, చుట్టాలు, కాలేజీ పిల్లలు, ముక్కూ మొహం తెలియని కొందరు. చరణ్‌జీత్ సింగ్ అని బొంబాయి సినిమాలకు వాయించే ఆయన 1982లో సింథసైజర్ల మీద పది రాగాలను డిస్కో దరువుతో వాయించి రికార్డు తెచ్చాడు. అప్పుడు అమ్ముడుపోలేదు, 2010లో మళ్ళీ వచ్చాక ప్రపంచమంతా విన్నది. బావ ఈ కథ పట్టుకుని, "మనకింకా ఇరవై ఎనిమిదేళ్ళు టైముంది" అంటున్నాడు.

అత్తమ్మకు మొత్తం వినిపించాం, ఈసారి స్పీకర్లో. మొదటి పాట మొదలవగానే లేచి వంటింట్లోకి పోయింది. "ఫ్రిజ్ ఖరాబైనట్టుందిరా, మోత చేస్తుంది" అని అక్కడి నుంచి అరిచింది. బావ పాట ఆపి, మళ్ళీ పెట్టి, అది ఫ్రిజ్ కాదమ్మా అని ఒప్పించేసరికి పది నిమిషాలు పట్టింది. తర్వాత కదలకుండా విన్నది. గొళ్ళెం పాటకు కాలు ఆడించింది.

ఆరో పాటలో ఆమె గొంతే ఉంటుంది. సంగీతమంతా నీళ్ళ కిందికి పోయాక, ఆమె ఒక్కతే పైన ఉండి ఊళ్ళో ఇళ్ళను వరుసగా చెప్తుంది, చింతచెట్టు నుంచి ఊరబావి దాకా. "కుమ్మరోళ్ళ ఇల్లు, దాని పక్కకు గాజులామె ఇల్లు, గోడ కూలిన ఇల్లు, తర్వాత మాది..." ఒక సాయంత్రం బియ్యం ఏరుతూ చెప్తుంటే రికార్డ్ చేశాం, చాటలో బియ్యం చప్పుడు కూడా ఉంది.

పాట అయిపోయింది. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతోంది.

"ఒక ఇల్లు ఇడిసిపెట్టిన" అంది. "గాజులామె ఇంటి ఎనక బడి పంతులు కిరాయికి ఉండె. అది చెప్పలే. మళ్ళ ఎక్కియ్యి."

విడుదలైన పాటలో శబ్దం మారిస్తే అది కొత్త రికార్డింగ్ కింద లెక్క, కొత్త కోడ్ తీసుకోవాలి, ఫారం మళ్ళీ మొదటి నుంచి నింపాలి. ఇదంతా ఆమెకు వివరించాను. ఓపికగా విన్నది.

"అయితే నింపు" అంది.

వచ్చే ఆదివారం కొల్లాపూర్ పోతున్నాను. బియ్యం ఏరకుండా ఉంచమని చెప్పాను.